మెరిట్ చూసి రానియ్యాల్నా, చుట్టరికం చూసి రానియ్యాల్నా? అమెరికా, కెనడా ఇమ్మిగ్రేషన్ మీద మా నల్గొండ దిక్కు అడిగే ప్రశ్నలు

నల్గొండల మా గల్లీల ఏ ఇంటికి పోయినా అమెరికా ముచ్చట రాకుండ చాయ్ అయిపోదు. చుట్టాల కోటా తీసేస్తరంట గదా, చదువుకున్నోళ్లకే ఇస్తరంట గదా అని నన్నే అడుగుతరు, ఎందుకంటే మా ఇంట్ల రెండు లైన్లూ ఉన్నయి. మా అన్న అమెరికా సిటిజన్ అయినంక 2008ల నా పేరు మీద అన్నదమ్ముల కేటగిరీల పిటిషన్ వేసిండు, అది ఇంక నడుస్తనే ఉంది. మా అక్క కొడుకు హెచ్1బీ, అంటే కంపెనీ పెట్టించే తాత్కాలిక ఉద్యోగం వీసా, దాని మీద ఉన్నడు, 2016 నుంచి ఉద్యోగం లైన్ల నిలబడ్డడు. ఏ తేదీ దాక పిటిషన్ వేసినోళ్ల వంతు వచ్చిందో అమెరికా సర్కారు నెలనెలా చెప్పే వీసా బులెటిన్ చూసుడు నాకు అప్పటి సంది అలవాటైంది. అందరికీ విడివిడిగ చెప్పుడు కంటే ఒక్కకాడ రాసిపెడితే మంచిదనిపించి రాస్తున్న.

అసలు మెరిట్ పద్ధతి అంటే ఏంది, ఫ్యామిలీ పద్ధతి అంటే ఏంది?

ఒక దేశం బయటోళ్లకు పర్మనెంటుగ ఉండనిచ్చేటప్పుడు ఎవరిని ముందు తీసుకోవాలె అన్నదే ప్రశ్న. చదువు, వయసు, ఇంగ్లిష్, జీతం, అనుభవం చూసి తీసుకుంటే దాన్ని మెరిట్ అంటరు. ఇప్పటికే అక్కడున్న మనిషికి ఏమైతడు, భర్తనా, బిడ్డనా, తల్లినా, తమ్ముడా అని చూసి తీసుకుంటే అది ఫ్యామిలీ పద్ధతి. ఏ దేశమూ ఒక్కటే పట్టుకొని కూసోదు, అందరూ రెండూ కలుపుతరు, ఎంతెంత కలుపుతరన్నదాని మీదనే కొట్లాట.

అమెరికాల ఎవరికి ఎన్ని ఇస్తరు?

మామూలు ఏడాదిల సుమారు 10 లక్షల గ్రీన్ కార్డులు ఇస్తరు, అందుల మూడింట రెండొంతులు చుట్టరికం మీదనే పోతయి. ఇందుల రెండు రకాలున్నయి, ఇది తెల్వకనే మస్తు మంది ఆగమైతరు. సిటిజన్ భార్య లేదా భర్త, 21 ఏళ్ల లోపు పెండ్లి కాని పిల్లలు, సిటిజన్‌కు 21 నిండితే వాళ్ల అమ్మానాయినలు, వీళ్లకు లెక్క లేదు, ఎంతమంది ఉన్నా ఇస్తరు, లైన్ ఉండదు, కాగితాలు నడిచే టైమే.

మిగిలినోళ్లకు కోటా. సిటిజన్ల పెండ్లి కాని పెద్ద పిల్లలకు 23,400, గ్రీన్ కార్డు ఉన్నోళ్ల భార్య, పిల్లలకు కలిపి 1,14,200, సిటిజన్ల పెండ్లయిన పిల్లలకు 23,400, సిటిజన్ల అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లకు 65,000. మొత్తం 2,26,000. నేనున్నది ఆఖరి దాంట్ల, ఎఫ్4 అంటరు.

ఉద్యోగం మీద అయితే 1,40,000. ఇది 1990 చట్టంల పెట్టిన నంబరు, ఇయ్యాల్టిదాక అట్లనే ఉంది. ఇంకో మాట, ఈ 1,40,000ల ఉద్యోగం చేసేటోడు ఒక్కడే కాదు వాని భార్య, పిల్లలు కూడ లెక్కల పడ్తరు, ఇంట్ల నలుగురుంటే నాలుగు నంబర్లు పోతయి, సగానికంటే ఎక్కువ నంబర్లు ఇట్ల కుటుంబ సభ్యులకే పోతయి. అంటే మెరిట్ అని పేరు పెట్టిన లైన్ల కూడ ఎక్కువ మంది కుటుంబమే.

ఒక్కడు పోతే వెనక ఊరంత పోతదంటరు, నిజమేనా?

కాదు. ఈ మాట అమెరికాల కొందరు పెద్ద పెద్ద మీటింగులల్ల కూడ చెప్తరు, కానీ చట్టం చదివితే అట్ల కుదరదు. మేనమామకు కేటగిరీ లేదు. చిన్నాయనకు లేదు, పెద్దమ్మకు లేదు, బావకు, బామ్మర్దికి, మేనల్లునికి లేదు, తాతకు, నాయనమ్మకు కూడ నేరుగ లేదు. గ్రీన్ కార్డు ఉన్నోడు భార్యను, పెండ్లి కాని పిల్లలను మాత్రమే స్పాన్సర్ చెయ్యగలడు. అమ్మానాయినలకు, తమ్మునికి వెయ్యాల్నంటే సిటిజన్ కావాలె, దానికి మామూలుగ ఇంకో 5 ఏళ్లు.

మా అక్క కొడుకు లెక్కనే తీసుకుందాం. ఎమ్మెస్‌కు పోయిండు, హెచ్1బీ లాటరీల రెండోసారి తగిలింది, 2016ల గ్రీన్ కార్డు లైన్ల చేరిండు. ఈ మధ్య బులెటిన్లల్ల ఇండియాకు ఉద్యోగం లైన్ల కేటగిరీలు ఈబీ2, ఈబీ3 డేట్లు 2013 చుట్టుపక్కల ఉన్నయి. వాని వంతు వచ్చి, తర్వాత 5 ఏళ్లు ఆగి సిటిజన్ అయి, అప్పుడు చెల్లెకు పిటిషన్ వేస్తే, ఆ లైన్ల ఇండియా డేటు 2006ల నడుస్తున్నది, అంటే దగ్గర దగ్గర 20 ఏళ్ల వెనక. ఆ పిల్ల ఇప్పుడు నకిరేకల్ల టీచర్, అప్పటికి రిటైరయి ఇంట్ల కూసుంటది. ఊరంత ఎక్కడ పోతది.

చుట్టాల కోటా ఎప్పుడు, ఎందుకు పెట్టిండ్రు?

ఇది తెలిస్తే మీకు కూడ ఆశ్చర్యమైతది. 1924 చట్టంల ఏ దేశం మనిషి అన్నదాన్ని బట్టి కోటా ఉండె, యూరప్‌ల కొన్ని దేశాలకు ఎక్కువ, ఆసియాకు దాదాపు తలుపు మూసినట్టే. 1946ల ఇండియాకు తెరిచిండ్రు, ఎంతకంటే ఏడాదికి 100 మంది. దేశం మొత్తం కలిపి 100.

1965ల దేశం కోటా తీసేసి కొత్త చట్టం తెచ్చిండ్రు, లిండన్ జాన్సన్ అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం పెట్టిండు. మొదట సర్కారు రాసిన బిల్లుల చదువు, పనితనం ఉన్నోళ్లకు సగం దాక ముందుంచిండ్రు. అంటే మెరిట్ ఆలోచన అప్పుడే ఉంది. ఒహాయో నుంచి మైఖేల్ ఫీగన్ అని కాంగ్రెస్ సభ్యుడు, ఇమ్మిగ్రేషన్ సబ్‌కమిటీ పెద్ద, ఆయన పట్టుబట్టి దాన్ని తిప్పేసిండు, చుట్టరికానికి 74 శాతం, ఉద్యోగాలకు 20 శాతం, శరణార్థులకు 6 శాతం. అప్పటికి అక్కడున్నోళ్లు ఎక్కువ యూరప్ మూలాలోళ్లే కాబట్టి వాళ్ల చుట్టాలే వస్తరు, దేశం మునుపటి లెక్కనే ఉంటదని వాళ్ల అంచనా.

జరిగింది వేరే. యూరప్ అప్పటికే కోలుకున్నది, అక్కడోళ్లు అంతగ రాలె. ఇండియా నుంచి ముందు డాక్టర్లు, ఇంజినీర్లు ఆ 20 శాతంల పోయిండ్రు, సిటిజన్లు అయినంక భార్య, తల్లిదండ్రులు, తమ్ముళ్లకు పిటిషన్లు వేసిండ్రు. మన ఊర్లల్ల 70లల్ల, 80లల్ల పోయిన డాక్టర్ల ఇండ్లు చూడండ్రి, తమ్ముడు మోటెల్లనో గ్యాస్ స్టేషన్లనో పని మొదలుపెట్టి, వాని పిల్లలు మళ్ల డాక్టర్లయిండ్రు. మెరిట్ దారి వెనకనే చుట్టరికం దారి, దాని వెనక మళ్ల మెరిట్.

ఉద్యోగం లైన్ల మనోళ్లకే ఎందుకింత లేటు? చైనోళ్లకు, మనకు తప్ప వేరేటోళ్లకు తొందరగ వస్తది గదా?

7 శాతం రూల్. ఫ్యామిలీ కోటా, ఉద్యోగం కోటా కలిపి ఏ ఒక్క దేశంల పుట్టినోళ్లకూ 7 శాతం దాటొద్దని చట్టం, అంటే మొత్తం మీద 25,620. వేరేటోళ్లు వాడుకోక మిగిలితేనే ఎక్కువొస్తయి. 140 కోట్ల ఇండియాకూ అంతే, చిన్న దీవి దేశానికీ అంతే.

మా జిల్లా రైతుకు దీన్ని ఇట్ల చెప్తే టక్కున అర్థమైతది. సాగర్ ఎడమ కాల్వ మీద ప్రతి ఊరికి ఒక్కటే సైజు తూము పెట్టిండ్రనుకో, 200 ఎకరాల ఊరికీ 6,000 ఎకరాల ఊరికీ అదే తూము. చిన్న ఊరి మడులు తెల్లారేసరికి నిండుతయి. పెద్ద ఊరి చివరి ఆయకట్టు రైతు మోటర్ పెట్టుకొని ఎదురుచూస్తడు, వాని నారు ముదిరిపోతది. తూము ఒక్కటే సైజు కాబట్టి ఇది సమానమే గదా అంటరు. హెచ్1బీలల్ల 70 శాతం దాక మనోళ్లే ఉన్నప్పుడు, వాళ్లు నిలబడే గ్రీన్ కార్డు తూము మాత్రం 7 శాతం సైజు.

దీన్ని తీసెయ్యాలని 2019 జులైల అమెరికా కింది సభల 365–65 ఓట్లతో బిల్లు గెలిచింది. 2020 డిసెంబర్ల సెనేట్ ఇంకో రకంగ పాస్ చేసింది. రెండూ ఒక్కటి కాక ఆగిపోయింది. ఆ రోజులల్ల మా అక్క ఇంట్ల ఎంత ఆశ పెట్టుకున్నరో నేను చూసిన, అందుకే ఇప్పుడు కొత్త బిల్లు వచ్చిందని ఎవడన్న వీడియో పెడితే రెండు సభలల్ల పాసై సంతకమయ్యేదాక నమ్మకండ్రని చెప్తున్న.

రెండు లైన్లకు సంబంధం లేదా, ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతదా?

ఉంది. ఫ్యామిలీ కోటాల వాడని నంబర్లు వచ్చే ఏడాది ఉద్యోగం లైన్లకు పోతయి. కరోనా అప్పుడు కాన్సులేట్లు మూతబడ్డయి, చుట్టాల వీసాలు ఆగినయి, దాంతోటి 2022 ఆర్థిక సంవత్సరంల ఉద్యోగం కోటా 1,40,000 నుంచి 2,80,000 దాటింది. ఆ ఏడు మనోళ్లకు చానా మందికి కార్డులు వచ్చినయి. మా అక్క కొడుకు దోస్తులు ఇద్దరికి వచ్చినయి, సంతోషమే, కానీ ఆ నంబర్లు నాలాంటోళ్ల లైన్ల నుంచి పోయినయని నాకు అప్పుడే అర్థమైంది, ఒకే ఇంట్ల ఒకరి కాల్వ కట్టేస్తే ఇంకొకరి కాల్వకు నీళ్లొచ్చినట్టు.

మెరిట్ సిస్టమ్ తెస్తే మనోళ్లకు లాభమే గదా? మన పిల్లలంత చదువుకున్నోళ్లే.

ఇది అందరికంటే ఎక్కువ అడిగే ప్రశ్న, కొంచెం ఓపిగ్గ చదవండ్రి.

2017ల సెనేటర్లు టామ్ కాటన్, డేవిడ్ పెర్డ్యూ రెయిజ్ యాక్ట్ అని బిల్లు పెట్టిండ్రు, ట్రంప్ మద్దతిచ్చిండు. పాయింట్ల పద్ధతి, 30 పాయింట్లు వస్తేనే అప్లై చేసుకోవచ్చు, 26 నుంచి 30 ఏళ్ల వయసుకు ఎక్కువ పాయింట్లు, ఇంగ్లిష్, డిగ్రీ, జీతం. వింటే మన పిల్లల కోసమే రాసినట్టు ఉంటది, మన వాట్సాప్ గ్రూపులల్ల అప్పుడు మిఠాయిలు పంచుకున్నంత పని చేసిండ్రు.

కానీ లోపల ఏముందో చూడండ్రి. పాయింట్ల మీద ఇచ్చేవి 1,40,000నే, ఒక్కటి పెంచలె. అన్నదమ్ముల కేటగిరీ తీసేసుడు, పెద్ద పిల్లల కేటగిరీ తీసేసుడు. సిటిజన్ అమ్మానాయినలకు గ్రీన్ కార్డు తీసేసి 5 ఏళ్ల తాత్కాలిక వీసా, పనిచెయ్యనియ్యరు. మొత్తం వలసను పదేళ్లల్ల సగానికి తెచ్చుడు. చుట్టాల దగ్గర కోసినవి మెరిట్ లైన్ల కలిపిండ్రా అంటే కలపలె, కోసి పడేసిండ్రు. ఆ బిల్లు ఓటుకే రాలె. 2019 మేల ట్రంప్ మళ్ల ఇంకో ప్లాన్ చెప్పిండు, మెరిట్ వాటా 12 శాతం నుంచి 57 శాతం చేస్తమని, అది కూడ చట్టం కాలె.

దానికి ముందు 2013ల రెండు పార్టీల ఎనిమిది మంది సెనేటర్లు కలిసి ఒక బిల్లు రాసిండ్రు, అందుల పాయింట్ల వీసా కొత్తగ పెట్టిండ్రు, అన్నదమ్ముల కేటగిరీ అందుల కూడ తీసేసుడే, కానీ అప్పటికే లైన్ల ఉన్నోళ్లను క్లియర్ చేసే ఏర్పాటు ఉండె. సెనేట్ల 68–32తోటి గెలిచింది, కింది సభ ఓటుకు తియ్యలె.

కాబట్టి మెరిట్ అన్న మాట వినంగనే సంబరపడకుండ మూడు ప్రశ్నలు అడగాలె. మొత్తం నంబరు పెరుగుతదా తగ్గుతదా, 7 శాతం పోతదా ఉంటదా, ఇప్పటికే లైన్ల ఉన్నోళ్లను ఏం చేస్తరు. 7 శాతం అట్లనే పెట్టి పాయింట్లు తెస్తే మన పిల్లలు 90 పాయింట్లతోటి అదే తూము దగ్గర నిలబడుడే.

ఇంకోటి, ఇప్పుడున్న మెరిట్ దారి మొదటి మెట్టే లాటరీ. ఏడాదికి 65,000, అమెరికాల మాస్టర్స్ చేసినోళ్లకు ఇంకో 20,000 హెచ్1బీలు, అంతకు ఎన్నో రెట్లు అప్లికేషన్లు. దానికి తోడు 2025 సెప్టెంబర్ల బయటి దేశంల ఉన్నోళ్లకు కొత్త హెచ్1బీ వెయ్యాల్నంటే లక్ష డాలర్లు కట్టాలని ఆర్డర్ తెచ్చిండ్రు. చదువు ఎంత బాగున్నా కంపెనీ అంత పెట్టుకుంటదా అన్నదే ఇప్పుడు మెరిట్ అయ్యింది.

కెనడా పాయింట్లు ఎట్ల ఉంటయి?

పాయింట్ల పద్ధతి ముందుగ పెట్టింది కెనడానే, 1967ల. ఇప్పుడున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ 2015 జనవరి నుంచి. మొత్తం 1,200 పాయింట్లు, అందుల రాష్ట్రం నామినేట్ చేస్తే ఒక్కదానికే 600. వయసు 20 నుంచి 29 అయితే నిండా పాయింట్లు, తర్వాత ఏటేటా తగ్గుతయి, 45కు సున్న. జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లు 2025 మార్చిల తీసేసిండ్రు, ఎందుకంటే ఆఫర్ లెటర్లు అమ్ముకునుడు ఎక్కువైంది.

నాకు నచ్చింది ఏందంటే, అక్కడ అన్ననో అక్కనో ఉంటే 15 పాయింట్లు ఇస్తరు. అన్న ఉన్నడని నేరుగ కార్డు ఇయ్యరు, కానీ మనిషి అక్కడ దిగంగనే నిలదొక్కుకుంటడని లెక్కల వేసుకుంటరు. భార్య చదువుకూ ఇంగ్లిష్‌కూ కూడ పాయింట్లున్నయి. భార్యను, భర్తను స్పాన్సర్ చేస్తే అమెరికా లెక్క ఏండ్ల లైన్ ఉండదు. అమ్మానాయినల కాడ మాత్రం కెనడా కూడ కష్టమే, 2020ల ఫారం వేసినోళ్ల లిస్టుల నుంచే లాటరీ తీసుకుంట వచ్చిండ్రు. వాళ్లకు సూపర్ వీసా ఉంది, ఒక్కసారి పోతే 5 ఏళ్ల దాక ఉండొచ్చు.

ఆస్ట్రేలియా, ఇంగ్లండ్?

ఆస్ట్రేలియాల కనీసం 65 పాయింట్లు రావాలె, 25–32 ఏళ్లకు 30 పాయింట్లు, 45 నిండితే లేదు. 2024–25కు 1,85,000 పర్మనెంట్ వీసాలల్ల 1,32,200 స్కిల్‌కు, 52,500 ఫ్యామిలీకి పెట్టిండ్రు, అమెరికాకు పూర్తిగ తలకిందులు. పెండ్లి కానోళ్లకు 10 పాయింట్లు ఇస్తరు, భార్యకు కూడ వాళ్ల లెక్కకు సరిపోయే స్కిల్ ఉంటే అదే 10. చదువుకోని పిల్లను చేసుకున్నోనికి ఆ 10 పోతయి, ఇది నాకు సరైంది అనిపించదు. అమ్మానాయినలకు మామూలు వీసా అంటే దశాబ్దాల లైన్, అంతకంటే కొంచెం తొందరగ కావాల్నంటే తలకు పదుల వేల డాలర్లు కట్టాలె.

ఇంగ్లండ్ల భార్యను తెచ్చుకోవాల్నంటే 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల సంపాదన చూపియ్యాలె, అంతకు ముందు 18,600. కేర్ వర్కర్ వీసా మీద పోయేటోళ్లు కొత్తగ కుటుంబాన్ని తీస్కపోవుడు 2024 మార్చిల బంద్ చేసిండ్రు, 2025 జులై నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకునుడే బంద్. ముసలోళ్లను కడగనీకి మనిషి కావాలన్ననాడు కూడ ఆ మనిషి పిల్లలు వద్దన్నరు.

గల్ఫ్ దేశాలది ఏ పద్ధతి?

రెండూ కాదు. కూలికి పోయినోనికి పౌరసత్వం దారి లేదు, పని ఉన్నన్ని రోజులే. దుబాయ్ దిక్కు ఫ్యామిలీ వీసాకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదంటే 3,000తో పాటు ఉండనీకి ఇల్లు ఉండాలె, మన కూలీలు ఎక్కువ మంది దాని కిందనే. పదిహేనేళ్లు అక్కడ పనిచేసి పిల్లలు పెరిగింది ఫోన్ల చూసినోళ్లు ఉన్నరు.

మెరిట్ అంటే ఏందో ఎవరు తేలుస్తరు?

మాకు పిల్లనిచ్చిన ఊరు కల్వకుర్తి దిక్కు, అక్కడి గుంపు మేస్త్రీల సంగతి మా మామ చెప్తుండె. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎక్కడ ప్రాజెక్టు కట్టినా మట్టి మోసింది వాళ్లే. గుంపు మేస్త్రీ ఊర్లకొచ్చి అడ్వాన్సులిచ్చి జనాన్ని కట్టేటప్పుడు ఒంటి మనిషి కంటే ఆలుమగల జంటను తీసుకునేటోడు, వాళ్ల ద్వారా బామ్మర్దిని, తోడల్లున్ని. ఎందుకంటే అయినోళ్లుంటే జ్వరమొచ్చిన నాడు బువ్వ పెట్టేటోళ్లుంటరు, మనిషి మధ్యల పారిపోడు, పని తెల్వనోనికి పక్కోడు నేర్పిస్తడు. ఆ పద్ధతిల వెట్టి ఉంది, దోపిడి ఉంది, దాన్ని నేను మంచిదంటలె. కానీ మనిషి పనితనం ఒంటిగ కొలిచేది కాదని ఆ మేస్త్రీకి తెలుసు.

పాయింట్ల పట్టిక కాగితాలను కొలుస్తది. మిర్యాలగూడ రైస్ మిల్లుల మిషన్ చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పే మెకానిక్‌కు అందుల ఏమీ రావు. అమెరికాల కూడ పెద్ద చదువు అక్కర్లేని పనోళ్లకు ఉద్యోగం కోటాల ఏడాదికి 10,000 మించొద్దని చట్టంలనే ఉంది. ముసలోళ్లను చూసుకునే మనిషి, ఇల్లు కట్టే మనిషి అక్కడ అక్కరకు రారా?

ఇంకో ముచ్చట కూడ ఉంది. మా అక్క కొడుకు మెరిట్ ఒక్కనిదేనా? దేవరకొండ కాడ మా బావ 3 ఎకరాలు అమ్మి ఎమ్మెస్‌కు పంపిండు, చెల్లె పెండ్లి రెండేండ్లు ఆపిండ్రు. వాని డిగ్రీ మీద వాని పేరే ఉంది, కట్టింది ఇల్లంతా.

చుట్టరికం మీద పోయినోళ్లు సర్కారు మీద పడి తింటరని అంటరు?

స్పాన్సర్ చేసేటోడు ఐ-864 అని బాండు రాయాలె, 1996 చట్టం నుంచి ఇది గట్టిగయింది. అమెరికా సర్కారు పెట్టిన పేదరికం గీతకు 125 శాతం సంపాదన చూపియ్యాలె, సరిపోకుంటే ఇంకొకరు జాయింటుగ సంతకం పెట్టాలె. వచ్చినోడు సిటిజన్ అయ్యేదాక, లేదంటే సుమారు 10 ఏళ్ల పని లెక్క పూర్తయ్యేదాక ఆ బాండు నడుస్తది, విడాకులైనా పోదు. కోర్టుకీడ్చొచ్చు కూడ. కాబట్టి మీ అన్నతోటి సంతకం పెట్టించుకునేటప్పుడు ఆయన మెడకు ఏం చుట్టుకుంటదో తెలుసుకోండ్రి.

హెచ్1బీ మీద పోయినోని భార్య పని చెయ్యొచ్చా?

2015 దాక చెయ్యనియ్యలె. ఆ ఏడు రూల్ మార్చి, భర్త గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140 అప్రూవ్ అయితే భార్యకు వర్క్ పర్మిట్ ఇస్తున్నరు. అంతకు ముందు మన దిక్కు ఎంటెక్‌లు, ఎమ్మెస్సీలు చేసిన ఆడపిల్లలు ఎంతమంది అపార్ట్‌మెంట్ల ఏండ్లకేండ్లు కూసున్నరో. మెరిట్ కోసమే పెట్టిన వీసా ఇంట్ల ఉన్న ఇంకో మెరిట్‌ను గుర్తించలె, మా కోడలు ఆ రోజులు చెప్తే ఇప్పటికీ నాకు బాధైతది.

పిటిషన్ నడుస్తుంటే పిల్లలకు పెండ్లి చెయ్యొచ్చా?

దయచేసి ముందు కేటగిరీ చూసుకోండ్రి. స్పాన్సర్ చేసిన తండ్రికి గ్రీన్ కార్డే ఉండి, కొడుకో బిడ్డో పెండ్లి చేసుకుంటే ఆ పిటిషన్ అక్కడికక్కడే చచ్చిపోతది, గ్రీన్ కార్డోళ్ల పెండ్లయిన పిల్లలకు కేటగిరీనే లేదు. తండ్రి సిటిజన్ అయితే పెండ్లయినోళ్ల కేటగిరీలకు మారుతది, లైన్ పొడుగైతది కానీ పోదు. నల్గొండల ఒక కన్సల్టెన్సీ ఆయన ఏమీ కాదు చేసెయ్యండ్రి అన్నడని పెండ్లి చేసి తొమ్మిదేండ్ల లైన్ పోగొట్టుకున్న ఇల్లు నాకు తెలుసు.

పిల్లలకు 21 దాటితే?

నా పిటిషన్ వేసినప్పుడు నా బిడ్డకు మూడేండ్లు. నా వెనక అది కూడ రావాలె. ఇప్పుడు డిగ్రీ ఫైనలియర్.

21 దాటితే పిల్లల కింద లెక్క కాదు. 2002ల వచ్చిన చట్టం కొంత ఆదుకుంటది, పిటిషన్ అప్రూవ్ కానీకి ఎన్నేండ్లు పట్టిందో అన్నేండ్లు వయసుల నుంచి తీసేస్తరు. నాది అప్రూవ్ కానీకి మూడేండ్లు పట్టింది, అంటే నా బిడ్డకు 24 నిండేలోపు మా డేటు రావాలె. డేటు ఇంక 2006లనే ఉంది, ఏడాదికి కొన్ని నెలలు జరుగుతది. రాదు. వచ్చినా అప్పటికి మా ఇద్దరికే వస్తది, బిడ్డను ఈడ ఒక్కదాన్నే ఇడిచిపెట్టి నేను పోయి ఏం చెయ్యాలె? కుటుంబాన్ని కలపనీకి పెట్టిన కేటగిరీ ఇది.

ఉద్యోగం లైన్ల కూడ ఇదే గోస, ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ పిల్లలు రెండేండ్లప్పుడు పోయి అక్కడే బడికి పోయి, 21 నిండంగనే స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలె లేదంటే వాళ్లకు తెల్వని ఇండియాకు రావాలె.

అమ్మానాయినలను తీస్కపోతే మంచిదేనా?

కొడుకు సిటిజన్ అయితే లైన్ లేదు, తొందరగనే అయితది. కానీ 65 దాటినోళ్లకు అక్కడి మెడికేర్ కొనుక్కోనీకి కూడ 5 ఏళ్లు అక్కడ ఉండాలె, అప్పటిదాక ఇన్సూరెన్స్ సొంత ఖర్చు. గ్రీన్ కార్డు తీసుకొని ఇక్కడనే ఉంటనంటే కార్డు పోతది. చూసి రానీకైతే విజిటర్ వీసానే మేలు, మామూలుగ 6 నెలలు ఉండనిస్తరు.

కాగితాలల్ల ఎక్కువ ఎక్కడ దెబ్బతింటరు?

పేరు కాడ. ఎస్సెస్సీ మెమోల ఇంటిపేరు ముందు ఒక అక్షరం, ఆధార్ల పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టుల ఇంకో రకం. అన్నదమ్ములని రుజువు చెయ్యాల్నంటే ఇద్దరి బర్త్ సర్టిఫికెట్లల్ల తల్లిదండ్రుల పేర్లు కలవాలె. ఇంట్ల మంత్రసాని చేతుల పుట్టినోళ్లకు రికార్డే ఉండదు, అప్పుడు మీసేవల అప్లై చేసి రికార్డు లేదన్న సర్టిఫికెట్ తెచ్చుకొని, స్కూల్ రికార్డు, పెద్దోళ్ల అఫిడవిట్లు పెట్టాలె. ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముంబైల అయితది, హైదరాబాద్ కాన్సులేట్ల అనుకొని కూసోకండ్రి.

తమ్ముని కొడుకును దత్తత చేసుకొని తీస్కపోవచ్చా?

మన ఊర్లల్ల తీసుకునే దత్తత చాలదు. పిల్లగానికి 16 నిండకముందే చట్టప్రకారం దత్తత అయి ఉండాలె, రెండేండ్లు మీ దగ్గర పెరిగి ఉండాలె. వీసా కోసమే రాయించిన కాగితం అయితే దొరికిపోతరు, తర్వాత నిజమైన కేసు వేసినా నమ్మరు.

నా మీద పిటిషన్ ఉంటే టూరిస్టు వీసాకు అడ్డమా?

ఫారంల మీ పేరు మీద ఎవరన్న ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేసిండ్రా అని అడుగుతరు. ఉందని రాయండ్రి. దాచితే అది అబద్ధం చెప్పినట్టయి జీవితాంతం అడ్డమైతది. పిటిషన్ ఉన్నా వీసాలు వచ్చినోళ్లున్నరు.

ఇన్ని చెప్పినవు, నువ్వేమంటవు మరి, ఏది ఉండాలె?

భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, వీళ్ల మీద పాయింట్లు లెక్కపెట్టొద్దు, ఏ దేశమైనా సరే. పిల్లల వయసు పిటిషన్ వేసిన రోజుననే ఆపెయ్యాలె, దీనికి ఒక్క కొత్త నంబరు కూడ అక్కర్లేదు. 7 శాతం తూము తీసెయ్యాలె, 1990 నాటి నంబరు పెంచాలె. అన్నదమ్ముల విషయంల నాకు బాధైనా చెప్తున్న, 20 ఏళ్ల లైన్ పెట్టుడు కంటే కెనడా లెక్క పాయింట్లు కలుపుడు మంచిది, కాకుంటే ఇప్పటికే లైన్ల ఉన్నోళ్లను ముందు పంపి తర్వాత మూసెయ్యాలె. మా జీవితాలు ఆ లైన్‌ను నమ్ముకొని నడిచినయి, ఇల్లు కట్టాల్నా వద్దా, బిడ్డను ఏ మీడియంల చదివియ్యాల్నా అన్నీ దాన్ని చూసే చేసినం.

మా అన్న ఈ మధ్యనే సిటిజన్ అయిండు, ఇప్పుడు పిటిషన్ వేయమనాల్నా?

వేయమనొచ్చు. ఫీజు ఆన్‌లైన్ల 625 డాలర్లు, కాగితం మీద 675. మీ పిల్లలు చిన్నోళ్లయినా సరే మీ డేటు వచ్చేసరికి వాళ్లు పెద్దోళ్లయిపోతరని తెలుసుకొనే వేయండ్రి. స్పాన్సర్ చేసిన అన్న మధ్యల చనిపోతే పిటిషన్ రద్దయితది, మానవతా కారణాల మీద నిలబెట్టమని అడగొచ్చు కానీ అది వాళ్ల ఇష్టం. అడ్రస్ మారితే తెలియజేయుడు, రసీదు నంబరు ఇద్దరి దగ్గర రాసిపెట్టుకునుడు మర్చిపోవద్దు, మా అన్న రసీదు 2008ది మా అమ్మ ట్రంకు పెట్టెల పట్టాదారు పాస్‌బుక్కు కింద ఉంది. వేసి పక్కన పెట్టి, ఇక్కడి భూమి ఇక్కడ చేసుకోండ్రి, ఇల్లు కట్టుకోండ్రి, పిల్ల పెండ్లి మంచి సంబంధం వస్తే ఆపకండ్రి.